నాలుగు వేళ్ళ మందం ఫైలు

ఆ సోమవారం ఉదయం రికార్డు గుమాస్తా వేసుకున్న పథకంలో కష్టమైన పని ఒక్కటీ లేదు. పదింటికి నీటి సరఫరా ఆఫీసుకి వెళ్ళాలి, సంతకం పెట్టాలి, ఒంటిగంటకి భోజనం చెయ్యాలి, ఒంటిగంటా పావు నుంచి రెండింటి దాకా రికార్డు గదిలో నడుం వాల్చాలి, సాయంత్రం ఇంటికి రావాలి. వీటిలో మిగతావన్నీ జీతం కోసం చేసేవి. నడుం వాల్చడం ఒక్కటే అతను తన కోసం చేసుకునేది.

నడుం వాల్చడమంటే నిద్రపోవడం అనుకునేవాళ్ళతో మనకి మాటలు అనవసరం. రాత్రి నిద్ర ఎవరికైనా వస్తుంది, అందులో గొప్పేముంది? పగటి కునుక్కి చోటు కుదరాలి, అంతకన్నా ముఖ్యంగా దిండు కుదరాలి. చోటు ఉద్యోగంలో చేరిన వారంలోనే కుదిరింది. రికార్డు గదిలో మూడో వరస బీరువాల వెనక, గోడవారగా, ఎవరో ఎప్పుడో వదిలేసిన పొడుగాటి బల్ల ఒకటుంది. గుమ్మంలోంచి చూస్తే బల్ల కాదు కదా, బల్లకాలు కూడా కనిపించదు. దిండు దగ్గరే నెల పట్టింది. ఒక ఫైలు మరీ లావైపోయి మెడ పట్టేసింది. ఇంకోటి మరీ పల్చన, ఉన్నా లేనట్టే. మూడోదానికి లోపల గుండుసూదులున్నాయి, ఆ సంగతి చెవికి తెలిసింది. చివరికి అడుగు అరలో గుడ్డ అట్ట వేసిన ఫైలొకటి దొరికింది. సరిగ్గా నాలుగు వేళ్ళ మందం. దాని మీద తల పెట్టిన మొదటి రోజున అతను మూడింటి దాకా లేవలేదు.

ఆ సాయంత్రమే భార్యతో అన్నాడు. "ఆఫీసులో నా కుర్చీ బండరాయిలా ఉందే. ఇంత పొడుగు, ఇంత వెడల్పు ఒక తొడుగు కుట్టిపెట్టవూ? లోపల దూదీ అదీ నేను చూసుకుంటాను."

పాత కర్టెను ముక్కతో ఆవిడ తొడుగు కుట్టింది. ఊరికే ఉంటుందెందుకని ఒక మూల నీలం పువ్వు కూడా వేసింది. ఆ రోజు నుంచి ఆరేళ్ళపాటు తొడుగు శనివారం ఉతుక్కి ఇంటికి రావడం, సోమవారం ఆఫీసుకి వెళ్ళడం తప్పలేదు. ఫైలు మాత్రం గది దాటలేదు. అందులో ఏముందో గుమాస్తా ఏనాడూ తెరిచి చూడలేదు. దిండు తెరిచి చదివే అలవాటు మనలో ఎవరికుంది గనక?

ఇంతకీ ఆ సోమవారం పొద్దున్నే కుళాయి రాలేదు. వీధి కింద ఎక్కడో పైపు పగిలింది. రోడ్డంతా తడి, ఇళ్ళలో మాత్రం చుక్క లేదు. పైగా వారం రోజులుండి వెళ్తానని ముందురోజే అత్తగారు దిగింది.

"ఏమండీ, మీ ఆఫీసు నీళ్ళే కదా. ఓసారి కనుక్కోండి," అంది భార్య.

"అదెంతసేపు? సాయంత్రానికల్లా వచ్చేస్తాయి," అన్నాడు గుమాస్తా.

ఆఫీసులో అడుగు పెట్టగానే ఇంజినీరు మేడం పిలిచింది. ఆవిడ వచ్చి వారమే అయింది. ఇంకా పని చేసే ఉత్సాహం తగ్గలేదు.

"పైపు పగిలిన వీధి పటం కావాలండి. పైపు ఏ పక్కన వెళ్తోందో తెలియకుండా తవ్వలేం. ఎక్కడుంటుంది?"

"రికార్డు గదిలో ఉండాలండి."

"ఉండాలి సరే. ఉందా?"

గుమాస్తాని అనవసరంగా ఆడిపోసుకోకూడదు. ఆ రోజు అతను నిజంగానే వెతికాడు. సొంత వీధి, సొంత కుళాయి. పది నుంచి ఒంటిగంట దాకా గదిలో ఉన్న ప్రతి ఫైలూ దించి, దులిపి, చూసి, మళ్ళీ ఎక్కించాడు. ఒక్కదాన్ని తప్ప. అది ఫైలన్న సంగతే అతనికి తట్టలేదు. అప్పటికి ఆరేళ్ళుగా అది దిండు. ఒంటిగంటా పావు కాగానే దాని మీదే తల వాల్చి, రెండింటికి లేచి వచ్చి, "కనబడుట లేదు" అని కాగితం రాసి సంతకం పెట్టాడు.

"పటం లేకపోతే పనాగిపోద్దా మేడం?" అన్నాడు పైపుల మేస్త్రీ. "ముప్ఫై ఏళ్ళ అనుభవం. నేలకి చెవి పెట్టి వింటే పైపు ఎక్కడుందో నాకే చెప్పుద్ది."

మేస్త్రీ మంగళవారం వీధి మొదట్లో చెవి పెట్టాడు. అక్కడ తవ్వితే మట్టి వచ్చింది. బుధవారం వీధి మధ్యలో పెట్టాడు. అక్కడ తవ్వితే ఇంటర్నెట్ తీగ తెగింది. గురువారం గుమాస్తా ఇంటి గేటు ముందు బోర్లా పడుకుని చాలాసేపు విని, చిరునవ్వుతో లేచాడు.

"ఇక్కడేనమ్మా. ఒక్కరోజు పని," అన్నాడు గుమాస్తా భార్యతో.

శుక్రవారానికి గేటు ఎంత వెడల్పో గుంట అంత వెడల్పయింది. శనివారానికి మనిషిలోతు. ఆదివారం మురుగు గొట్టం తగిలింది. ఆ తర్వాత వచ్చిన వాసన గురించి చెప్పకపోవడమే మర్యాద. గుంట మీద అడ్డంగా చెక్క ఒకటి వేశారు. ప్రయాణం కట్టుకుని సంచీతో బయటికొచ్చిన అత్తగారు చెక్క మీద ఒక కాలు పెట్టి చూసి, ఆ కాలు వెనక్కి తీసుకుంది.

"ఈ వయసులో నన్ను సర్కస్ నేర్చుకోమంటావా అల్లుడూ? ఇది పూడ్చాకే వెళ్తాను," అంది.

అత్తగారికి మంచం ఇవ్వక తప్పదు. గుమాస్తా హాల్లో నేల మీదికి మారాడు. గుంట దగ్గర కాపలా ఉన్నవాళ్ళ పాటలు కిటికీలోంచి నేరుగా అతని చెవిలోకే వచ్చేవి. రాత్రి నిద్ర పోయింది. దాంతో మధ్యాహ్నం కునుకే దిక్కయింది. ముప్పావుగంట కాస్తా గంటన్నరయింది. బల్ల మీద ఒరిగి, చెంప కింద ఆ నాలుగు వేళ్ళ మందం తగలగానే, ఈ లోకంలో నాకంటూ ఇదొక్కటి మిగిలిందిరా భగవంతుడా అనుకునేవాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి కూడా.

ఇంట్లో మాత్రం భార్య రెండు వీధుల అవతల నుంచి బకెట్లతో నీళ్ళు మోస్తోంది. రోజుకి పద్నాలుగు బకెట్లు. ఎనిమిదో రోజున రెండు అరచేతులూ చాపి మొగుడికి చూపించింది. ఎర్రగా కమిలి, వేళ్ళ మొదట్లో బొబ్బలు కట్టి ఉన్నాయి.

"చూశారా? ఆ పటం పోగొట్టినవాడెవడో గానీ నా చేతికి చిక్కాలి. ఇదే గుంటలో పూడ్చి పైన సిమెంటు వేయిస్తాను."

"వెయ్యాల్సిందే," అన్నాడు గుమాస్తా మనస్ఫూర్తిగా. "అలాంటివాణ్ణి ఊరికే వదలకూడదు."

ఇదిలా ఉండగా ఇంజినీరు మేడం ఒక విషయం గమనించింది. ఆఫీసంతా భోజనాల దగ్గర బాతాఖానీ వేసుకుంటుంటే, ఆ గుమాస్తా ఒక్కడే రెండు ముద్దలు మింగి రికార్డు గదిలోకి పోతున్నాడు. బయటికొచ్చేసరికి జుట్టు రేగి, చెంప మీద గీతలు పడి, కళ్ళు చింతనిప్పుల్లా ఉంటున్నాయి. పాపం, కడుపు మాడ్చుకుని పటం కోసం దుమ్ములో పడి దేవులాడుతున్నాడని ఆవిడ గుండె నీరైపోయింది. పదకొండో రోజు పొద్దున్నే పిలిచి చెప్పింది.

"మీరొక్కరే ఎన్నాళ్ళు కష్టపడతారు? ఇవాళ ఒంటిగంటా పావుకి నేనూ వస్తాను. ఇద్దరం కలిసి వెతుకుదాం. మూడో వరస నుంచి మొదలుపెడదాం."

"మీకెందుకండీ శ్రమ, దుమ్ము..." అన్నాడు గుమాస్తా.

"దుమ్ము మీకు లేదా?" అంది ఆవిడ.

ఆ రోజు అతనికి ముద్ద దిగలేదు. ఒంటిగంటా పదికి గదిలోకి పరిగెత్తాడు. ముందు తొడుగు లాగెయ్యాలి, ఫైలుని అరలో కుక్కెయ్యాలి, బల్ల మీద నాలుగు కాగితాలు చల్లాలి. కంగారులో తొడుగు లాగిన ఊపుకి ఫైలు జారి, నేల మీద వెల్లకిలా తెరుచుకుంది. గుమాస్తా వంగి చూశాడు. ఆరేళ్ళలో అదే మొదటిసారి.

లోపల మడతలు పెట్టిన పెద్ద పటం. పైన తన వీధి పేరు. ఎర్ర సిరాతో ఇంటి నంబర్లు. తన ఇల్లు కూడా ఉంది, గేటుతో సహా. పైపు మాత్రం వీధికి అవతలి పక్కన వెళ్తోంది. గేటు దగ్గర పైపూ లేదు, గీపూ లేదు.

గుమాస్తాకి ఉద్యోగం పోతుందని భయం వేసింది. అంతకన్నా ఎక్కువగా భార్య అరచేతులు కళ్ళముందు కనిపించి సిగ్గేసింది. పదకొండు రోజులు, రోజుకి పద్నాలుగు బకెట్లు. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకున్నాడు. దాని వెంటనే, ఇంత మంచి ఫైలు మళ్ళీ జన్మలో దొరకదు కదా అని కూడా అనుకున్నాడు. ఇప్పటికైనా నోరు మూసుకుని అడుగు అరలోకి తోసేస్తే అడిగేవాడు లేడు. ఇవ్వాలా దాచాలా అని అతను తేల్చుకునేలోపే చెప్పుల చప్పుడు మూడో వరస దాటింది.

"దొరికిందా!" అంది ఇంజినీరు మేడం.

"దొరికిందండి," అన్నాడు గుమాస్తా. ఒక చేతిలో పటం, ఇంకో చేతిలో పువ్వు తొడుగు. అబద్ధం ఆడే తీరిక లేదు.

"ఎక్కడుంది?"

"ఇక్కడేనండి. బల్ల మీద."

"ఆ గుడ్డేంటి?"

"ఫైలు తొడుగండి. ఆరేళ్ళ కిందట మా ఆవిడ కుట్టింది."

ఆవిడ తొడుగుని రెండు చేతులతో అందుకుని చూసింది. "ఆఫీసు ఫైలుకి ఇంట్లో తొడుగు కుట్టించారా? అట్ట చివికిపోకుండానా? పేరు తొడుగు కింద పడే ఇన్నాళ్ళూ దొరకలేదన్నమాట! మరి మిగతావాటికి లేవేం?"

"ఇది నమూనాకండి."

"అట్ట మధ్యలో ఈ గుంటేంటి?"

"వాడకం వల్లండి," అన్నాడు గుమాస్తా. ఆ రోజు అతను చెప్పిన నిజాల్లో ఇది నాలుగోది.

మేస్త్రీ పటం చూసి వీధి అవతలి పక్కన తవ్వాడు. గంటన్నరలో పైపు దొరికింది. "నేను మొదట్నుంచీ అటే అనుకుంటున్నా," అన్నాడు. సాయంత్రానికి కుళాయిలు వచ్చాయి. గేటు ముందు గుంట పూడ్చేశారు.

కథ అంతటితో ఆగితే గుమాస్తా బతికిపోయేవాడు. ఇంజినీరు మేడం ఆగనివ్వలేదు. మర్నాడే ఆ వీధిలో, పూడ్చిన గుంట పక్కనే, నాలుగు కుర్చీలు వేయించి చిన్న సభ పెట్టింది. వీధి జనమంతా వచ్చారు. అత్తగారు ముందు వరసలో కూర్చుంది. మేడం గుమాస్తా గురించి పావుగంట మాట్లాడింది. ఒక మామూలు ఉద్యోగి ఆరేళ్ళుగా ఒక ఫైలుని కంటికి రెప్పలా కాపాడాడని చెప్పి, తొడుగు పైకెత్తి అందరికీ చూపించింది. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత గుమాస్తా భార్యని పిలిచి, తొడుగూ ఫైలూ ఆమె చేతుల్లో పెట్టింది.

"కుట్టింది మీరే కదమ్మా. రెండు మాటలు చెప్పండి."

భార్య తొడుగు వైపు చూసింది. నీలం పువ్వు తనదే. మధ్యలో, ఆరేళ్ళ ఉతుకులకీ లొంగని తలనూనె మరక కూడా తనకి తెలిసినదే. కూర్చునేదానికి తలనూనె ఎలా అంటుకుంటుందని ఒకటి రెండుసార్లు అనుకుంది గానీ, ఆఫీసుల్లో ఏం జరుగుతుందో మనకేం తెలుసులే అని ఊరుకుంది. ఇప్పుడు ఫైలు మీది గుంట చూసింది. ఆ తర్వాత మొగుడి తల చూసింది. కొలత సరిపోయింది.

గుమాస్తా ఆమె వైపు చూడలేకపోయాడు. పూడ్చిన మట్టి వైపు చూశాడు. ఇంకా మెత్తగానే ఉంది. పైన సిమెంటు వెయ్యలేదు.

"నేనేం చెప్తానండీ," అంది భార్య మెల్లగా. "మా ఆయన పనంటే పడి చచ్చిపోతారు. మధ్యాహ్నం అందరూ కాస్త సేదతీరతారా, ఈయన మాత్రం ఆ గదిలో ఫైళ్ళకే తలంటించుకుని ఉంటారు. నాకు ఇవాళే తెలిసింది." బొబ్బలు కట్టిన అరచేతులు రెండూ జోడించింది. "మేడంగారూ, మిమ్మల్ని ఒకటే కోరుకుంటున్నా. భోజనాల వేళ ఆ గదికి తాళం వేయించండి. తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. ఈయన్ని నలుగురిలో కూర్చోబెట్టి, కబుర్లు చెప్పించి, బలవంతంగానైనా విశ్రాంతి ఇప్పించండి. నాకింకేం వద్దు."

సభ మొత్తం కదిలిపోయింది. ఇలాంటి ఇల్లాలు ఉండబట్టే అలాంటి ఉద్యోగులున్నారని ఎవరో అన్నారు. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుని, ఇంతటి అల్లుడని తెలియక ఇన్నాళ్ళూ చులకనగా చూశాననీ, ఇంకో నెల ఉండి వెళ్తాననీ అక్కడే ప్రకటించింది. ఇంజినీరు మేడం నిలబడ్డచోటే ఉత్తర్వు రాసింది.

ఇంటికొచ్చాక గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "అది కాదే, ఆ ఫైలు సంగతి..."

"నేనేమైనా అడిగానా?" అంది భార్య. "కుళాయి వస్తోంది. ఆ బకెట్లు కడిగి బోర్లించండి. పద్నాలుగు సార్లు."

సోమవారం నుంచి ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. ఒంటిగంటకి గదికి తాళం పడేది. గుమాస్తాని పొడుగు బల్ల దగ్గర, సరిగ్గా మధ్య కుర్చీలో, మేడం ఎదురుగా కూర్చోబెట్టేవారు. పక్కన మేస్త్రీ తన ముప్ఫై ఏళ్ళ అనుభవాన్ని మొదటి ఏడాది నుంచి వరసగా చెప్పుకొచ్చేవాడు. కళ్ళు మూతపడబోతే మేడం ఆదరంగా పలకరించి, ఒంట్లో ఎలా ఉందని అడిగేది. రెండింటి దాకా అతనికి రోజూ పూర్తి విశ్రాంతి దొరికేది.

శనివారం వచ్చేసరికి గుమాస్తాకి, ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి, అలసటగా అనిపించింది.