ఆగయ్య ఒంట్లో అందరి రోగాలు

"సూరత్‌లో నేరం చేసినోడు రెండింటి నుంచి తప్పించుకోలేడు. ఒకటి ఎండ, రెండు నేను!" అని, తనను తాను డిటెక్టివ్ అనుకునే పరుశురాం ప్రకటించాడు.

పర్వత్ పాటియాలోని ఆ గదిలో వినడానికి ఆగయ్య ఒక్కడే ఉన్నాడు. రాత్రి డ్యూటీ దిగి, పగటి డ్యూటీవాళ్లు లేచి పనికెళ్లిన పరుపు మీద అప్పుడే ఒరిగాడు పాపం.

"ఆగన్నా, నీకు ఎవడో మెల్లమెల్లగ విషం పెడుతున్నడు."

"ఏందిరా గిది? జర పండనియ్యి."

"మెడికల్ కాలేజీ లైబ్రరీల కంప్యూటర్ చూసొచ్చిన. నీ పేరు మీద ఏమున్నయో ఎరికేనా? పొద్దుగాల వాంతులు, మోకాళ్ల నొప్పులు, పాలపండ్లు మొలుసుడు! గీ వయసుల పాలపండ్లంటే, విషం ఎంత ఘాటుదో!"

ఆగయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు. రోగాల గురించి డాక్టర్లు సరిచూసిన సంగతులు తెలుగులో చదువుకోవడానికి, లైబ్రేరియన్ అనురాధ మామూలు జనం కోసం పెట్టిన కంప్యూటర్ అది. దాన్ని వాడాలంటే కావలసిన లైబ్రరీ కార్డు మాత్రం ఆగయ్యకొక్కడికే ఉంది. ఒకే పరుపును వంతులేసుకునే గదిలో కార్డుకు మాత్రం వేరే ధర్మం ఉంటుందా? పరుశురాం తప్ప అందరూ దాంతోనే వెతికేవారు. లెక్కల్లో కనిపించే ఒక్కడి కోసం కంప్యూటరు దండగని లైబ్రరీ పెద్దసారు ఉమాకాంత్ ఇవాళే తీయించేస్తున్నాడు. నిజం చెబితే కార్డు పోతుంది, చెప్పకపోతే కంప్యూటరే పోతుంది.

పరుశురాం ఆగలేదు. డ్యూటీలో ఉన్న గదివాళ్లనూ, వాళ్లకు వండిపెట్టే మెస్సు భూదేవినీ అనుమానితులంటూ లైబ్రరీకి తోలుకెళ్లాడు. ఆగయ్య వెనకాలే పరుగెత్తాడు. అక్కడ ఉమాకాంత్ వైర్లు పీకిస్తున్నాడు. అనురాధ కళ్లు తుడుచుకుంటోంది.

"ఎవ్వరూ కదలద్దు! హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు! ఆగన్నకు వాంతులు తెప్పించిందెవరు?"

"గవి నా పెండ్లానియి. మూడో నెల" అన్నాడు సంపత్, సిగ్గుపడుతూ.

"పాలపండ్లు మా పోరనియి" అన్నాడు ఓంప్రకాష్.

"మోకాళ్లు నాయి బిడ్డా" అంది భూదేవి. "విషం పెట్టేదాన్నయితే ముందుగాల నీకే పెడుదును."

ఉమాకాంత్ చేతిలో వైరు జారిపోయింది. "ఇంతమంది వాడుతున్నారా? అనురాధగారూ, దీన్ని ఇక్కడే ఉంచండి. అందరికీ తలో కార్డు ఇవ్వండి."

ఆగయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"నాకు మొదట్నుంచీ తెలుసు!" అని కాలరెగరేశాడు పరుశురాం. "ఆగన్న పేరు మీద ఇంకోటి మిగిలింది. ఏమీ తెలవకున్నా అన్నీ తెలుసనుకునుడు. గీ రోగం ఎవనిది?"

అందరూ అతనివైపే చూశారు. ఆగయ్య అతని భుజం మీద చెయ్యేశాడు.

"నీదే తమ్మీ. నీ కోసం నేనే ఎతికిన. మందు దొరకలే."