డ్యూటీకి వచ్చిన వేలు

సత్యవేణి కుడిచేతి చూపుడువేలు, తెగిపోయిన మర్నాడు కూడా, ఎనిమిది కొట్టేసరికి డ్యూటీకి వచ్చేసింది. సత్యవేణి రాలేదు. ఆవిడ ఆసుపత్రిలో ఉంది. హాజరు వేసే థంబు మిషను వేలిని గుర్తుపట్టి పచ్చ దీపం వెలిగించింది, వాచ్‌మన్ గేటు తీశాడు. రావులపాలెం పక్కనున్న ఆ అరటికాయ చిప్సు ఫ్యాక్టరీలో ముద్ర పడిందంటే మనిషి వచ్చినట్టే లెక్క.

వేలు బుద్ధిగా పనిచేసింది. కాయ కోసే మిషను స్విచ్చి నొక్కడానికి ఎవరికైనా కావలసింది ఒక వేలే కదా. టీకి లేవలేదు, బాత్రూముకి వెళ్ళలేదు, పక్కవాళ్ళతో కబుర్లాడలేదు. రెండో వారంలో సూపర్‌వైజరు వీర్రాజు దాన్ని అందరికీ చూపించి, "చూసి నేర్చుకోండమ్మా" అన్నాడు. ముగ్గురు ఆడవాళ్ళు నిజంగానే నేర్చుకోవడం మొదలుపెట్టారు.

నెల తర్వాత సత్యవేణి కట్టు విప్పించుకుని వచ్చింది. ఏ వేలు పెట్టినా మిషను ఎర్ర దీపమే వెలిగించింది.

"నేనండీ, సత్యవేణిని," అంది వీర్రాజుతో.

"సత్యవేణి లోపలుందమ్మా," అన్నాడతను నొచ్చుకుంటూనే. చెడ్డవాడేం కాదు. వేలు తెగిన రోజు తన తువ్వాలే ఆవిడ చేతికి చుట్టి, తన బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. "నెలంతా ఒక్క రోజు మాన్లేదు. ఒకే పేరు మీద ఇద్దర్ని ఎట్టుకుంటే పైవోళ్ళు ఊరుకుంటారా, నువ్వే చెప్పు."

"మరి నేనెవర్నండీ?"

"అదేనమ్మా, ఏం రాయాలో తెలవట్లేదు."

ఆవిడకి ఉద్యోగం కావాలి. దానికన్నా ముందు, వేళ్ళు తగలకుండా, కాయ కోసే బ్లేడుకి ఇనప జాలీ కావాలి. జాలీ అడ్డముంటే కాయ నెమ్మదిగా పడుతోందని ఎప్పుడో విప్పేసి బీరువాలో పెట్టారు. తనిఖీ ఉన్న రోజున మాత్రం తీసి, తుడిచి, బిగిస్తారు. కాయని బ్లేడు మీదికి నొక్కడానికిచ్చిన చెక్కముక్కని ఆఫీసు తలుపు గాలికి కొట్టుకోకుండా కింద పెట్టారు. అది అక్కడ చక్కగా పనిచేస్తోంది. కాయని వేళ్ళతోనే నొక్కాల్సి వచ్చింది. ఇదంతా సత్యవేణి కాగితం మీద రాయించి ఆఫీసులో ఇచ్చింది.

దాంతో విచారణ పెట్టారు. వీర్రాజు ఫైలు తెరిచి, "మిషను తప్పేమీ లేదు, అజాగ్రత్త నాదే" అన్న వాంగ్మూలం చదివాడు. కింద ఒక ముద్ర ఉంది. ఆవిడ ఆసుపత్రిలో ఉండగానే వేలు వేసిన ముద్ర.

"ఇది నీదేనామ్మా?"

సత్యవేణి చాలాసేపు చూసింది. "నాదేనండి," అంది. అబద్ధమాడటం ఆవిడకి చేతకాదు.

"మరింకేంటమ్మా?"

సాక్ష్యం కోసం వేలిని కూడా బల్ల మీద కూర్చోబెట్టారు. ఆషాఢంలో కూతురు పెట్టిన గోరింటాకు దాని గోటి నిండా అలాగే ఉంది. మిగతా తొమ్మిది గోళ్ళకీ ఎరుపు సగానికి జరిగిపోయింది. సత్యవేణికి దాని మీద కోపం రాలేదు. నెల రోజులు ఒక్కర్తీ ఎలా నెట్టుకొచ్చిందో అనుకుంది. అన్నం తిన్నావా అని అడగబోయి, నలుగురిలో బాగుండదని ఊరుకుంది.

చివరికి ఒక దారి దొరికింది. సత్యవేణిని సత్యవేణికి సహాయకురాలిగా, వేరే నంబరు మీద, అదే బ్లేడు దగ్గర తీసుకుంటారు. కొత్త ముద్ర వేస్తే చాలు.

"ఏ వేలు పెట్టమంటారండీ?"

వీర్రాజు గొంతు తగ్గించాడు. "నీ మంచి కోరి చెప్తన్నానమ్మా. బ్లేడుకి దూరంగా ఉండేది పెట్టు. మళ్ళీ ఈ తలనొప్పి ఉండదు."

ఆవిడ తొమ్మిది వేళ్ళనీ చూసుకుంది. ఎడమచేతి చిటికెనవేలు పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. ఆ సంతోషంలో ఆవిడకి జాలీ సంగతి గుర్తు రాలేదు.

వెనక్కి తిరిగితే బ్లేడ్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళ పెద్ద లైనుంది. అందరూ పదేసి వేళ్ళూ ఉన్నవాళ్ళే, ముద్ర మార్పించుకోవడానికి వచ్చారు. కొంగుతో ఎడమ చిటికెనవేళ్ళు తుడుచుకుంటున్నారు.