తలుపు దగ్గర మొదలుపెట్టిన కోత

మేడమీది గది నేల ఎవరు పీకారని అందరూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో నవ్వితే ఆపేస్తాను. నేను అసలే తక్కువ మాట్లాడే మనిషిని. ఇంట్లో ఆ మాత్రం కూడా అవసరం పడదు.

ఆ గది నేల చెక్కలది. చెద పట్టింది. అడుగు వేస్తే పాత మంచంలా మూలిగేది. చెక్కల కింద దూలాలు, దూలాల కింద అట్టంత పలచటి సీలింగు, దాని కింద మా వంటిల్లు. చెక్కల్ని ముక్కలుగా కోసి లేపాలి. దూలం మీద గీటు పడకూడదు, సీలింగు మీద కాలు పడకూడదు.

కొత్త చెక్కలు వెయ్యడానికి మా బావమరిది సాయంత్రం వస్తానన్నాడు. వడ్రంగి. మనుషుల్ని కూడా కాలిగోరు నుంచి నడినెత్తి దాకా కొలిచి చూస్తాడని అతనికి కొలబద్ద అని పేరు పెట్టాను. పెళ్ళిపీటల మీదే నన్ను కొలిచి, పనికిరాని ముక్కల్లో పడేశాడు. అతను వచ్చేసరికి నేలంతా నేనే పీకేసి, చేతులు దులుపుకుంటూ ఎదురుపడాలని నా పంతం.

ముందురోజే కరెంటు రంపం అద్దెకు తెచ్చాం. పళ్ళెమంత బ్లేడు, దాని మీద స్ప్రింగుతో కదిలే మూత. ఎలా వాడాలో కొట్టువాడు చెబుతుంటే నేను తల ఊపాను. మా ఆవిడ విన్నది.

ఇంటికి తెచ్చాక ఆమె ప్లగ్గు పెట్టకుండానే రంపాన్ని ఒళ్ళో పెట్టుకుంది. చెక్కల సందులోకి తలపిన్ను దించి మందం చూసింది, పిన్ను మీద గోళ్ళరంగుతో చుక్క పెట్టింది, బ్లేడు ఆ చుక్క దాకానే దిగేలా మర బిగించింది. ఆడవాళ్ళ చాదస్తం అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే సంచీ తీసుకుని బయటికి వెళుతూ, తను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దంది.

ఆ మాట అనకపోతే ముట్టుకునేవాణ్ణి కాదేమో.

తిరిగొస్తే ఆమె ఏం చేస్తుంది? గదిలోకి వచ్చి రంపం లాక్కుంటుంది. గదిలోకి వచ్చే దారే లేకపోతే? అందుకని తలుపు దగ్గర మొదలుపెట్టి, కిటికీ వైపు వెనక్కి జరుగుతూ కోసుకుంటూ, ముక్కలు లేపుకుంటూ పోయాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది. ప్లగ్గు మాత్రం తలుపు బయట, మెట్ల పక్కన ఉంది. పని మధ్యలో ఊడకుండా వైరును తలుపు గొళ్ళేనికి చుట్టి ముడి కూడా వేశాను.

మొదట వెన్నలా తెగింది. తరవాత పొట్టు చేరి మూత సగంలో ఇరుక్కోసాగింది. ప్లగ్గు తీసి దులపాలి. ప్లగ్గు తియ్యాలంటే తలుపు దాకా నడవాలి. నడవాలంటే నేల ఉండాలి. అందుకని మూతను పైకి నెట్టి, కిందికి రాకుండా చెక్కముక్క దూర్చాను. మీట నొక్కి ఉంచితేనే రంపం తిరుగుతుంది; నొక్కి నొక్కి వేలు తిమ్మిరెక్కింది. మీటను రుమాలుతో చుట్టి, పళ్ళతో లాగి ముడి బిగించాను. దానికీ పళ్ళున్నాయి, నాకూ ఉన్నాయి. ఎవరివి ఎక్కువో అప్పుడు చూసుకోలేదు.

కిటికీ మూలకి వచ్చేసరికి మేకు తగిలింది. నిప్పురవ్వ లేచింది. రంపం పుంజులా ఎగిరి నా మీదికే వచ్చింది. రెండు చేతులా పట్టుకున్నాను.

పట్టుకున్నాక తెలిసింది, వదలడానికి వీల్లేదని.

రుమాలు ముడి విప్పాలంటే ఒక చెయ్యి కావాలి. ఒక చేత్తో పడితే అది ఆగదు. కింద పెడదామంటే మిగిలింది నేను నిలబడ్డ పీటంత చెక్క. పెడితే అది నడుచుకుంటూ నా కాళ్ళ మీదికే వస్తుంది. కాళ్ళకు రబ్బరు చెప్పులు. వైరును లాగితే గొళ్ళెం కదిలింది, ప్లగ్గు కదల్లేదు. ఆ వైరు ముడి వేసినంత గట్టిగా నేనింకే పనీ చెయ్యలేదు. కళ్ళలో పొట్టు. పట్టు జారుతోంది. ఆ బ్లేడు నా మోకాలి వైపు ఒక్కో వెంట్రుకవాసి వంగుతోంది.

మెట్ల మీద మా ఆవిడ తల కనిపించింది. అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆమె నన్ను చూసింది, రుమాలును చూసింది, మాయమైన నేలను చూసింది. వంగింది.

చప్పుడు ఆగింది.

"ఆగిందా?" అంది.

"ఆగింది."

"చప్పుడు సంగతి కాదు. బ్లేడు."

చూశాను. ఇంకా తిరుగుతోంది. కదలొద్దంది. కదల్లేదు. పూర్తిగా ఆగాక చెప్పాను.

"వేళ్ళు లెక్కపెట్టుకోండి."

సరిపోయాయి. మళ్ళీ లెక్కపెట్టమంది. అప్పుడు చూశాను, పీకిన ప్లగ్గు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని కొంగులో ముడేసుకుని గడప మీద కూలబడింది.

"తలుపు దగ్గర ఎందుకు మొదలుపెట్టారు?"

"నువ్వు లోపలికి రాకుండా."

"రాలేదుగా."

సంచీ విప్పింది. కూరగాయలనుకున్నాను. కళ్ళద్దాలు, కొత్త బ్లేడు, బ్రష్షు. మేకులు తగిలి బ్లేడు మొద్దుబారుతుందని కొట్టువాడు అన్నాడట. బ్రష్షు నా మీదికి విసిరింది.

"ముందు నన్ను అవతలికి తియ్యి," అన్నాను.

"ముందు రంపం."

చెక్కముక్క పీకి, రుమాలు విప్పి, పొట్టంతా దులిపాను. మూత ఠక్కున పడేదాకా ఆమె నన్ను వదల్లేదు. అప్పుడు మెట్ల కిందున్న పొడుగు చెక్కపలక తెచ్చి దూలాల మీదుగా పరిచింది. దాని మీద చంటిపిల్లాడిలా పాకుతుండగా కొలబద్ద వచ్చాడు.

"ఏం బావా, అడుగులు ఇంకా రాలేదా?"

నేను పాకుతూనే ఉన్నాను. అతను టార్చి వేసి దూలాలన్నీ చూశాడు. ఒక్క గీటు లేదన్నాడు. నా గుండె అంగుళం పెరిగింది.

"లోతు ఎవరు పెట్టారు?"

"కోసింది నేనే."

"కోసింది అడగలేదు బావా." పలక మీదుగా వెళ్ళి కిటికీ గట్టు మీది తలపిన్ను తీసి గోళ్ళరంగు చుక్క చూశాడు. అక్క వైపు తిరిగి నవ్వాడు. "నాకూ ఇలాగే నేర్పింది. నాన్నకు చూపు మందగించాక కొట్టు నడిపింది అక్కే కదా."

మామగారు వడ్రంగి అని తెలుసు. ఆయన రంపం ఎవరి చేతికి వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. ఇంట్లో తక్కువ మాట్లాడే మనిషిని నేనొక్కణ్ణే అనుకున్నాను.

మిగిలిన పీటంత చెక్కను ఆమే కోసింది. కొంగు బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని, కొత్త బ్లేడు వేసి, పలక మీద మోకాళ్ళూని. మేకు ఎక్కడుందో ముందే తడిమి పీకేసింది.

నేల ఎవరు పీకారంటే చెప్పలేను. ప్లగ్గు మీద చెయ్యేసి కాపలా కాసింది మాత్రం నేనే. ఆమె తమ్ముడి ఎదుటే, మెట్ల మీద కూర్చుని, వైరును గొళ్ళేనికి చుట్టకుండా.