తేటనీళ్ల తిప్పలు

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది: కాలుష్యం తనిఖీ చేసే అధికారిని వెంటబెట్టుకొచ్చి రంగునీళ్ల తొట్టి చూపించడం. మామగారి అద్దకం కార్ఖానా వదిలే ఎర్రనీళ్లు తేటపడకపోతే తలుపులకు తాళం పడుతుంది. తాళం పడితే, ఇల్లరికపుటల్లుడి చదువు మీద మామగారు ఇన్నాళ్లూ దాచుకున్న మాటలన్నీ బయటికొస్తాయి.

మామూలు బంకమట్టి ఆ ఎరుపు జోలికి పోనని మొండికేసింది. అల్లుడు దానికి మందు పట్టించి, ఎండబెట్టి, మళ్లీ తొట్టిలో కలిపాడు. తెల్లారేసరికి ఎరుపంతా మట్టిని కరుచుకుని అడుక్కి దిగింది. "ఎవరూ తొట్టి ముట్టుకోకండి" అని చెప్పి అధికారిని తీసుకురావడానికి రైల్వే స్టేషనుకి బయల్దేరాడు. వద్దంటే ఊరుకునే కొంపా అది!

మొదట మామగారు తొంగిచూశారు. "ఇంత తేటగా ఉంటే కుళాయి నీళ్లు పట్టామనుకోడూ?" అంటూ, నమ్మకం కోసం చెంబుడు ఎర్రరంగు కుమ్మరించారు.

తర్వాత ఆయన కూతురొచ్చింది. ఎర్రనీళ్లు చూసింది. "అయ్యో, ఈయన మట్టి పనిచెయ్యలేదు! నాన్న ఈయన్ని నమిలేస్తారు." మొగుడి పరువు కోసం నీళ్లనీ అడుగుమట్టినీ పీపాల్లోకి తోడించి, తొట్టి కడిగించి, కుళాయి నీళ్లే పట్టించింది.

చివరికి మేస్త్రీ. "తొట్టిలో మట్టే లేదు, బాబుగారు మర్చిపోయినట్టున్నారు!" స్వామిభక్తి పొంగిపొర్లి, పెరట్లో తవ్విపోసిన మట్టి గంపలకొద్దీ వేసి తెడ్డుతో కలిపాడు.

అధికారి వచ్చి చూస్తే తొట్టినిండా బురద. అల్లుడికి పైప్రాణాలు పైనే పోయాయి.

"రంగేదీ?" అన్నాడు అధికారి.

"మా అల్లుడు తీసేశాడండీ!" అన్నారు మామగారు.

"మరిదేంటి?"

"దీంతోనేనండీ తీసింది."

అధికారి గ్లాసుతో ముంచి, వడకట్టి, వెలుతురులో చూశాడు. ఎరుపు ఆనవాలైనా లేదు. "నీళ్లు నేనే మార్పించాను, చెప్పకండి" అని భార్య ఒక చెవిలో, "మట్టి నేనే వేశా బాబూ" అని మేస్త్రీ రెండో చెవిలో ఊదారు. అసలు పనిచేసిన మట్టి పీపాలో పడి ఉంటే, పెరటిమట్టికి మెప్పు! అల్లుడికి కడుపు మండిపోయింది. కానీ నోరు విప్పితే తాళమే.

కార్ఖానా మూయనక్కర్లేదనీ, ఈ బురద మాత్రం వెంటనే తీయించాలనీ చెప్పి అధికారి వెళ్లిపోయాడు.

మామగారు పెళ్లయ్యాక మొదటిసారి అల్లుడి భుజం తట్టారు. "నేను పోసిన చెంబుడు రంగునీ మింగేసింది, ఏం మట్టండీ! సరే అల్లుడుగారూ, రంగు తీయడానికి మట్టి వేశారు. ఇప్పుడీ మట్టి తీయడానికి ఏ రంగు వెయ్యమంటారు?"