తల్ రుమ్మాన్ కమ్యూనిస్టు

పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో సిరియా, ఈజిప్టు కలిసి ఒకే దేశమైపోయాయని సిరియాలోని తల్ రుమ్మాన్ ఊరి మేయరు వస్ఫీ బెక్ గారు మునిసిపల్ ఆఫీసు బాల్కనీ మీంచి ప్రకటించినప్పుడు ఆయన గొంతు గద్గదమైంది. ఈ విలీనం కోసం తాను చిన్ననాటి నుంచీ కలలు కంటున్నానని సెలవిచ్చారు. క్రితం సాయంత్రం రేడియోలో వార్త వినేదాకా ఆ కలల సంగతి ఆయనకే తెలియదు.

"ఈ క్షణం నుంచి మన రెండు దేశాల మధ్యా సరిహద్దన్నదే లేదు!"

కింద గుంపులోంచి ఒక ముసలమ్మ తలెత్తి అడిగింది. "అయితే కైరోకి నడిచి పోవచ్చా నాయనా?"

"మధ్యలో ఇంకో దేశమూ, కొంచెం సముద్రమూ అడ్డం ఉన్నాయమ్మా. అవి టెక్నికల్ సమస్యలు."

"కైరో సంగతి తర్వాత. ముందు ఈ ఏరు దాటే దారి చూడు."

ఆసీ నది మీద ఉన్న కొయ్య వంతెన వరదకి కొట్టుకుపోయి చాలాకాలమైంది. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది, రోగులు ఇవతలి ఒడ్డున ఉన్నారు. వస్ఫీ బెక్ గారి సొంత తల్లి పడవ కోసం చూసి చూసి ఇవతలి ఒడ్డునే కన్నుమూసింది. కాబట్టి వంతెన విషయంలో మాత్రం ఆయన నటించేవారు కాదు.

విలీనాన్ని దగ్గరుండి చూసుకోడానికి కైరో నుంచి కెప్టెన్ లుత్ఫీ దిగాడు. వచ్చీ రాగానే మేయరు కుర్చీలో కూర్చున్నాడు. మేయరు గారు అర్జీదార్ల బెంచీ మీదికి మారారు. అన్నదమ్ముల మధ్య ఎవరు ఎక్కడ కూర్చుంటే ఏమిటని పత్రికలవాళ్ళకి చెప్పారు. వంతెన అప్రూవల్ కోసం ఫైలు కైరో వెళ్ళింది.

కొన్ని నెలలకి కెప్టెన్ పిలిపించాడు. "ఈ ఆసీ అన్నది నైలు నదికి ఏ వైపు పాయ అని హెడ్డాఫీసు అడుగుతోంది."

"ఇది నైలు కాదు సార్. వేరే నది."

"నైలు కాదా!" కెప్టెన్ కలవరపడ్డాడు. "మరి ఆ మాట ముందే చెప్పొద్దూ? ఇప్పుడిది పాలసీ మేటర్ అయిపోయింది."

వస్ఫీ బెక్ గారు చెప్పాపెట్టకుండా డమాస్కస్ బస్సెక్కారు. అక్కడ సాయం పంచే అమెరికా ఆఫీసరు మిస్టర్ హాలోవే ఆయన్ని ఆదరంగా కూర్చోబెట్టాడు.

"మీ ఊళ్ళో కమ్యూనిస్టులు ఎంతమంది?"

"దేవుడి దయవల్ల ఒక్కడూ లేడు సార్."

హాలోవే మొహం వాడిపోయింది. "అయ్యో. మా స్కీము ప్రమాదంలో ఉన్న ఊళ్ళకేనండీ."

మేయరు గారు సర్దుకున్నారు. "లేడంటే, ఇవాళ్టికి లేడు. ఒకడు బయల్దేరుతున్నాడని వింటున్నాం."

ఊరు చేరగానే ఆయన తిన్నగా బావమరిది హమ్దీ మంగలి షాపుకి వెళ్ళారు. హమ్దీ ఆయన భార్య నజీహాకి తమ్ముడు. ఎవరితోనూ పేచీ లేని మనిషి.

"రేపట్నుంచి నువ్వు కమ్యూనిస్టువిరా."

హమ్దీ సబ్బు నురగ పట్టిస్తున్నవాడల్లా ఆగాడు. "అంటే ఏం చెయ్యాలి బావా?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. షాపు ముందు ఎర్రగుడ్డ కట్టు. పెద్దమనుషులు పలకరిస్తే మొహం చిట్లించు."

"నువ్వు పలకరించినా?"

"నాకైతే ఇంకా గట్టిగా."

"వాళ్ళు పుస్తకాలు చదువుతారట కదా. నాకు అక్షరమ్ముక్క రాదే!"

"పట్టుకుంటే చాలు. తిరగేసి పట్టుకోకు."

"మరి మసీదుకి పోవచ్చా?"

"వెనక సందులోంచి పో. వంతెన పూర్తయ్యేదాకానేరా. మీ అక్క మీద ఒట్టు."

హాలోవే వచ్చి, షాపు ముందు ఆరేసిన ఎర్ర తువ్వాలుకి నాలుగు ఫోటోలు తీసుకుని దిగులుగా తల పంకించాడు. వారం తిరక్కుండా సిమెంటు దిగింది. అమెరికా సిమెంటు దిగిందని తెలిసి రష్యా ఇంజనీరు ప్రోఖొరోవ్ దిగాడు.

"మీ ఊళ్ళో అమెరికా ఏజెంట్లు ఉన్నారా?"

ఈసారి మేయరు గారు తడబడలేదు. "కావలసినంత మంది. మునిసిపాలిటీ నిండా వాళ్ళే."

ఇవతలి ఒడ్డు నుంచి అమెరికా వాళ్ళు అడుగుల్లో కొలుస్తూ, అవతలి ఒడ్డు నుంచి రష్యావాళ్ళు మీటర్లలో కొలుస్తూ పని మొదలుపెట్టారు. రెండు అగ్రరాజ్యాలు తమ ఏట్లో మోకాళ్ళ లోతున దిగడం చూసి ఊరు గర్వపడింది. ఒకరు స్తంభం లేపితే రెండోవారు అంతకన్నా ఎత్తుగా లేపారు. ఎత్తులు కలవడం లేదని ఎవరో అంటే, అది ఆరోగ్యకరమైన పోటీ అని మేయరు గారు వివరించారు.

ఇంతలో కైరో పెద్దలకి కమ్యూనిస్టుల మీద కోపం వచ్చింది. ఊరూరా ఏరిపారెయ్యమని ఆర్డరు పంపారు. ఒక చలి ఉదయం జీపు వచ్చి షాపు ముందు ఆగింది. హమ్దీ చేతిలో బ్రష్షుతోనే జీపెక్కాడు. "నేను కాదు సార్, కావలిస్తే మా బావని అడగండి!" అని అరుస్తూనే ఉన్నాడు.

కెప్టెన్ లుత్ఫీ నిజంగానే బావని అడిగాడు. "మీ బావమరిది కమ్యూనిస్టేనా?"

వస్ఫీ బెక్ గారు కిటికీలోంచి ఏటివైపు చూశారు. స్తంభాలన్నీ లేచాయి, పైన పలకలు వెయ్యడమే తరువాయి. కాడంటే సిమెంటు ఆగిపోతుంది. అంతేకాదు, జీపులో ఇంకో మనిషికి చోటుంది. నోరు తెరిచారు. గొంతు ఈసారి నిజంగానే పూడుకుపోయింది.

"చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అన్నారు.

బంధుప్రీతికి లొంగని నాయకుడని పత్రికలు రాశాయి. ఇంట్లో నజీహా అన్నం ముందు కూర్చోబెట్టి అడిగింది.

"వాడు కాడు అని ఒక్క మాట. ఆ ఒక్క మాటకి మీ నోట్లో చోటు లేకపోయిందా?"

"వంతెన పడాలి కదే. మా అమ్మ ఎలా పోయిందో నీకు తెలియదా?"

"తెలుసు. నా ఒళ్ళోనే పోయింది" అని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. ఇంకో మంగలి చేత గడ్డం చేయించుకోడానికి ఆయనకి మనసొప్పలేదు. వంతెన పూర్తయ్యేదాకా గడ్డం తియ్యనని మేయరు గారు శపథం పట్టారని పత్రికలు రాశాయి. ఆయన ఖండించలేదు.

అరెస్టు సంగతి తెలిసి హాలోవే స్వయంగా వచ్చి చెయ్యి కలిపాడు. "కంగ్రాట్స్! మీ ఊరికి ప్రమాదం తప్పింది. ఇక మా స్కీముతో మీకు పనిలేదు." మిగిలిన సిమెంటు లారీలకెక్కించుకుని వెళ్ళిపోయాడు. అమెరికా లేని ఏట్లో తమకి మాత్రం పనేముందని రష్యావాళ్ళూ సామాను సర్దుకున్నారు. అటు కొంత, ఇటు కొంత పలకలు పడ్డాయి. మధ్యలో ఏరు ఖాళీగా పారుతూ ఉండిపోయింది.

అరవై ఒకటి సెప్టెంబరులో విలీనం రద్దయిపోయిందని రేడియో చెప్పింది. కెప్టెన్ పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. జైలు తలుపులు తెరిచారు. హమ్దీ పడవ దిగి, చిక్కిపోయిన మొహంతో గట్టెక్కాడు. నజీహా తమ్ముణ్ణి పట్టుకుని వదల్లేదు. వస్ఫీ బెక్ గారు కాస్త దూరంగా నిలబడి, చివరికి దగ్గరికొచ్చారు.

"ఇక భయం లేదురా. అదంతా ఉత్తుత్తిదేనని అందరికీ చెప్పెయ్."

"మొదటి ఏడాదంతా రోజూ చెప్పాను బావా. కొడుతూనే ఉన్నారు, నమ్మలేదు. జైలు గదిలో ఉన్న అసలు కమ్యూనిస్టులు మాత్రం నమ్మారు. పాపం, చదవడం నేర్పారు."

"ఏం చదివావు?"

హమ్దీ ఆయన గడ్డం వైపు చూశాడు. "రేపు షాపు తెరుస్తాను. రా."

మర్నాడు వస్ఫీ బెక్ గారు ఎప్పటిలాగే లోపలికి నడిచి మంగలి కుర్చీ వైపు చెయ్యి చాపారు. గోడవారగా ముగ్గురు మూటలు మోసేవాళ్ళూ, ఒక చేపలవాడూ కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూసి అలవాటుగా లేవబోయారు.

"కూర్చోండి" అన్నాడు హమ్దీ వాళ్ళతో. కత్తి తోలు మీద నూరుతూ, తలెత్తకుండానే అన్నాడు. "వరసలో రా బావా."

వస్ఫీ బెక్ గారు చేపలవాడి వెనక నిలబడ్డారు. అటుగా పోతున్న విలేఖరి ఒకడు తల లోపలికి పెట్టి ఆశ్చర్యపోయాడు.

"తమరు ఇక్కడేమిటి సార్?"

"వరస ఎలా నడుస్తోందో తనిఖీ చేస్తున్నాను" అని, వస్ఫీ బెక్ గారు ఒక అడుగు ముందుకి జరిగారు.