దర్జీపిట్టపై అంజనప్ప దండయాత్ర

స్వస్తిశ్రీ బహుధాన్య నామ సంవత్సర శ్రావణ మాసమున, మగ్గముల టకటక ధ్వనులే మంగళవాద్యములై దిక్కులు పిక్కటిల్లుచుండ, పట్టుచీరలకు పుట్టినిల్లగు ధర్మవరమున, ఒక పెంకుటింటి పెరట, బాదంచెట్టు క్రింద, నేతకులతిలకుడు అంజనప్ప కెమెరాపాణియై నిలిచెను.

ఏల నిలిచెననగా: క్రిందటి దినము టీ అంగడి మహాసభలో ఆయన, "మా పెరట్లో ఒగ పిట్ట నా మగ్గం కింద పడిన ఎర్రపట్టు దారం ఎత్తుకపోయి, ఆకును కుట్టి గూడు కడతాండాది" అని పలికెను. ఎదురింటి మారెప్ప గ్లాసు దించి, "పిట్ట కుట్టేదేందప్పా. రేపు కాకి వచ్చి చీర నేసిందంటావు" అనెను. "వచ్చి చూడప్పా" అన్నను వినక, "ఏం చూసేది. కుట్టింది పిట్టో నీ పెండ్లామో ఎవురికి తెల్సు" అనెను. సభ ఘొల్లుమనెను. వీరునికి ఆ రాత్రి సంగటి సయించలేదు.

ఇక ఫోటోయే శరణ్యము. బావమరిది శివప్రసాదు హిందూపురము నుండి తెచ్చిన కెమెరా సాయంత్రపు బస్సుకు తిరిగి పోవలసినది. రీలులో మిగిలినవి నాలుగే అస్త్రములు.

అంతలో హరితవర్ణ శరీరము, నిక్కిన వాలము, సూదివంటి ముక్కున రక్తవర్ణ పట్టుసూత్రము గల ఆ బెత్తెడు పిట్ట ఆకుపై వ్రాలెను. అంజనప్ప గురిచూచి బటన్ నొక్కెను. వ్రేలు కదలిన క్షణముననే ఎవరూ ఆజ్ఞాపింపని ఆయన కుడికాలు వజ్రాయుధమువలె లేచి, ఎండుటాకుల గుట్టపై ఫెళ్లున పడెను. పిట్ట తుర్రుమనెను; రీలుకు చిక్కినది ఉత్త ఆకే. రెండవ అస్త్రమునకూ అదే గతి. మూడవదానికీ అదే గతి.

"ఓసి సూచీముఖీ, నా పట్టును హరించి నా ప్రతిష్ఠను కూడ హరింతువా? నిలువుము, నిలిచి నీ ముఖమండలము చూపుము" అని వీరుడు గర్జించెను.

అంట్లు తోముచున్న ధర్మపత్ని నీలావతి తలయెత్తినది. "పిట్టనేమంటావయ్యా. తోలతాండేది నీ కాలే. చెయ్యి కదిలితే సాలు, మగ్గం తొక్కినట్ల తొక్కుతాండావు."

నిజమే. చేయి తాడు లాగిన కాలు చెక్కను తొక్కవలె. ఇరువది యేండ్ల ధర్మమది. అంజనప్ప సిగ్గుపడెను. పగవాడు తన మోకాలి క్రిందనే కాపురముండ, లోకమంతయు వెదకినాడు.

"కాలు ఈడ పెట్టు" అని నీలావతి వచ్చి, తన రెండు పాదములు మోపి, ఆ కుడిపాదముపై ఎక్కి నిలిచి, పడిపోకుండ మగని భుజము పట్టుకొన్నది. పిట్ట మరల వచ్చి, ఆకు అంచును పొడిచి దారము లాగుచుండ, దంపతులిరువురు ఊపిరి బిగబట్టిరి. ఆమెకు నవ్వు వచ్చుచుండెను. ఆయనకు భయము వేయుచుండెను. బటన్ నొక్కబడెను. కాలు మదపుటేనుగువలె పెనగులాడెను గాని, నీలావతి బరువు ముందు దాని పప్పులుడకలేదు.

శివప్రసాదు కడిగించి పంపిన ఫోటోలో ముప్పాతిక భాగము నీలావతి చెవియు, దాని కమ్మయు నుండెను. మిగిలిన మూల గోరంత పిట్ట. దాని ముక్కున ఎర్రదారము.

టీ అంగడిలో మారెప్ప దానిని వెలుతురున కెత్తి, అటు త్రిప్పి ఇటు త్రిప్పి చాలసేపు చూచెను.

"సరేలేప్పా, పిట్టే కుట్టింది" అనెను మారెప్ప. "మీ ఆయమ్మ చెవి ఈడుండాది, దారం ఆడుండాది."

సభ తలలూపెను. బెంచీపై ఎండ తగలని కొస అంజనప్పకు వదలిరి. ఆచంద్రార్కము కాకున్నను, గ్లాసులో టీ చల్లారువరకు ఆ మహావీరుని దిగ్విజయము ధర్మవరమున నిలిచెను.