చేప తల ఎటు తిరిగింది

ముందే చెబుతున్నాను, ఈ కథలో ఒక్క ముక్క కల్పన లేదు. ఉందని ఎవరైనా నిరూపిస్తే మీసం తీయించుకుంటాను.

చైనాలో, గురువు కన్‌ఫ్యూషియస్ పుట్టిన చూఫూ ఊళ్లో, మా సందులో, కోంగ్ లింగ్‌షువాన్ అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆ గురువుగారికి డెబ్భై ఆరో తరం వారసుడు. మా ఊళ్లో అదేమంత గొప్ప కాదు. సంతలో రాయి విసిరితే కోంగ్ ఇంటిపేరు వాడికే తగులుతుంది. కానీ ఈయన ఆ సంగతి పళ్లు తోముకుంటూ కూడా చెబుతాడు. అందుకే సందంతా ఆయన్ని ‘డెబ్భయ్యారు’ అంటుంది.

ఆయనింట్లో భోజనాల బల్ల దగ్గర, గుమ్మానికి ఎదురుగా ఒక పెద్దకుర్చీ ఉంది. అందులో డెబ్భయ్యారు. చేప వడ్డిస్తే దాని తల ఆయనవైపే చూడాలి. ఇంటికి ఎవరైనా వస్తే భార్య గ్వీఫెన్ వండి, వడ్డించి, పొయ్యి పక్కన నిలబడి తినాలి. పెళ్లయి నలభై రెండేళ్లు. అతిథులున్న బల్ల దగ్గర ఆవిడ ఒక్కసారీ కూర్చోలేదు.

గ్వీఫెన్ కాలేజీలో టీచర్ల గదులు ఊడ్చి తుడిచే పని చేస్తుంది. అక్కడికి కొరియా భాష చెప్పడానికి ఆ దేశం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఇరవై ఏడేళ్ల పిల్ల.

“ఏమయ్యా, ఆ అమ్మాయికి గురువుగారి గుడీ, మహలూ, సమాధుల తోటా చూడాలనుందిట. తిప్పి చూపించు. మధ్యాహ్నం మనింట్లో భోజనం.”

డెబ్భయ్యారు కళ్లు వెలిగాయి. ఆయన వంశం ఊసెత్తగానే ఊళ్లోవాళ్లు పొయ్యి మీద పాలున్నాయని పారిపోతారు. పరాయి ఊరి పిల్ల ఎక్కడికి పారిపోతుంది?

“పేరేమిటే?”

“కొరియా పేరు. నాకు నోరు తిరగదు. అన్నట్టు, వచ్చేది ఆడపిల్లే కదా. ఈసారికి నేనూ బల్ల దగ్గర కూర్చుంటా.”

“చాల్చాల్లే! మర్యాదకి పుట్టినిల్లే మన ఇల్లు!”

“మీ తాత పాఠం చెబితే బుద్ధిగా విన్న ప్రియశిష్యుడు మా పుట్టింటి యన్ వాళ్ల తాత. మీవాళ్లకి చెప్పడమే వచ్చు. మావాళ్లకి వినడం కూడా వచ్చు.”

“అయితే విను. పెద్దకుర్చీ తరంలో పెద్దవాళ్లది. ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేది ఆ కుర్చీయే.”

“వయసుతో పని లేదా?”

“లేదు. ఉయ్యాల్లో ఉన్నా సరే.”

“మాట మీదుంటావా?”

“కోంగ్ వాడి మాట!”

గ్వీఫెన్ చేప పొలుసు తీయడానికి వెళ్లిపోయింది. ఆవిడ వాదన మధ్యలో వదిలేయడం అదే మొదలు. డెబ్భయ్యారు దాన్ని గెలుపనుకున్నాడు.

ఆ పొద్దున్నే టీచరమ్మని వెంటబెట్టుకుని బయల్దేరాడు. గుడిలో ఒక్కో రాతిఫలకానికీ అరగంట. మహల్లో ఒక్కో గడపకీ పావుగంట. తోటలోకి వెళ్లేసరికి దేవదారు చెట్లు కూడా కునికిపాట్లు పడుతున్నాయి. టీచరమ్మ మాత్రం కళ్లప్పగించి వింది.

“మా వంశంలో ప్రతి తరానికీ ఒక అక్షరం ముందే రాసిపెట్టి ఉంటుందమ్మాయ్. పేరులో రెండో అక్షరం అదే. నాది లింగ్, అంటే డెబ్భై ఆరు. అది చూస్తే చాలు, ఎవరు ఎవరికి వంగాలో తెలుస్తుంది. మా సందు చివర నెలల పిల్లాడొకడున్నాడు. వాడిది డెబ్భై నాలుగు. నాకు తాత వరస! వాడి నోట్లో పాలసీసా ఉన్నా నేను వంగాల్సిందే.”

“ఆడవాళ్లకి కూడానా?”

“పూర్వం వంశావళిలో ఆడవాళ్లని రాసేవాళ్లు కాదు. ఇప్పుడు రాస్తున్నారు. అక్షరం అక్షరమే!”

గురువుగారి సమాధి దగ్గర ఆ పిల్ల బ్యాగు పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, మూడుసార్లు నుదురు నేలకి ఆనించింది. మూడోసారి చాలాసేపు లేవలేదు. డెబ్భయ్యారు వంగి, ఆ పిల్ల బ్యాగుకి అంటిన మట్టి దులిపి పట్టుకున్నాడు.

“మా తాత నేర్పారు. ఆయన రావాలనుకున్నారు, రాలేకపోయారు” అంది కళ్లు తుడుచుకుంటూ.

“మంచి తాత” అన్నాడు.

ఇంటికొచ్చారు. పెద్దకుర్చీలో డెబ్భయ్యారు, ఆయనవైపు చేప తల. వడ్డనకి ముందు, అలవాటు ప్రకారం, అతిథుల పేర్ల పుస్తకమూ కుంచే తెప్పించాడు. టీచరమ్మ మూడక్షరాలు రాసింది.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. మొదటి అక్షరం కోంగ్. “ఓహో, మా ఇంటిపేరే!” రెండోది షియాంగ్. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఎంత తుడిచినా అది డెబ్భై ఐదే.

“మా కొమ్మ కొరియా వెళ్లి వందల ఏళ్లయింది. అక్షరాలు మాత్రం ఇక్కడివే వాడతాం” అంది ఆ పిల్ల మెల్లగా.

వంటింటి గుమ్మంలోంచి గ్వీఫెన్ అడిగింది, “ఏమయ్యా, తండ్రి తరం ఆడమనిషిని ఏమంటారు?”

“నీకు ముందే తెలుసా?”

“ఆవిడ తలుపు మీద పేరు రోజూ తుడిచేది నేనేగా!”

డెబ్భయ్యారు లేచాడు. “అత్తా,” అన్నాడు, “ఇలా రా.”

“అయ్యో, కూర్చోండి పెద్దాయనా!”

“కుదరదత్తా. మాటిచ్చాను.”

గ్వీఫెన్ వచ్చి పళ్లెం తిప్పింది. చేప తల ఆయన్ని వదిలేసి అత్తవైపు చూసింది.

అత్త కుర్చీ అంచున కూర్చుని, కాసేపు ఆలోచించి, “ఈ కుర్చీ ఏం చెబితే అదేనా?” అంది.

“అదే.”

“అయితే ఆవిడ నా పక్కన కూర్చోవాలి.”

“మరి వడ్డన?”

“ఇక్కడ నాకంటే చిన్నతరం వాళ్లెవరు?”

డెబ్భయ్యారు వంటింట్లోకి వెళ్లాడు. “ఏమే, గరిటె ఎక్కడ?” “నీ చేతికిందే!” “ఉప్పు?” “గరిటె కిందే!” మొత్తానికి నూడుల్స్ బల్ల మీదకి చేరాయి, కాస్త నేల మీదుగా. గ్వీఫెన్ మూడు గిన్నెలు తినేసి నాలుగోది అడిగింది.

ఆయన తన గిన్నె పట్టుకుని పొయ్యి పక్కన నిలబడ్డాడు. గోడకి ఆనబోయి ఆగాడు. సున్నం మీద, ఆయన భుజానికి జానెడు కింద, నున్నగా అరిగిన మరక. ఒక మనిషి ఏళ్ల తరబడి ఆనుకుంటే పడేలాంటిది. దానికి ఆనకుండానే గిన్నె ఖాళీ చేశాడు. ఆ రోజు నుంచీ ఆ బల్లకి పెద్దకుర్చీలు రెండు.

ఇక మీసం సంగతి. నాలుగు గిన్నెల మాట నేను కల్పించాను. గ్వీఫెన్ తిన్నది ఒక్కటే, అదీ తినేసరికి చల్లారిపోయింది. మధ్యలో మూడుసార్లు లేవబోతే మూడుసార్లూ అత్త చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. మీసమంటారా, నాకు మొదట్నుంచీ లేదు. గోడ మీద మరక మాత్రం నిజం. నేను వెళ్లి చూసొచ్చాను. వచ్చి మా వంటింటి గోడ కూడా చూసుకున్నాను.